పోటీ తేదీ పెట్టే ముందు సముద్రం క్యాలెండర్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఊరి తీరంలో మంచి అలలున్నాయి. ఊరి కుర్రాళ్లు కొందరు సర్ఫింగ్ నేర్చుకున్నారు. ఈమధ్య బయటివాళ్లు కూడా బోర్డులు పట్టుకుని వస్తున్నారు. వచ్చే ఏడాది ఒక సర్ఫింగ్ పోటీ పెట్టి, దానికి గట్టి ప్రచారం చేసి, ఊరికి పర్యాటకుల్ని రప్పించాలని మీ సంఘం ఆలోచన. తేదీ ఎలా పెట్టాలి, స్పాన్సర్లను ఎలా ఒప్పించాలి, జనం రావాలంటే ఏం చేయాలి అని అడిగారు.

చిన్న చిన్న తీరాల్లో ఇలాంటి పోటీలు నడిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మీరు అడిగిన వరుసలో కాకుండా, ఏది ముందు తేలితే మిగతావి సులువవుతాయో ఆ వరుసలో చెబుతాను. ఒక్క మాట మాత్రం మొదటే చెప్పాలి. పోటీ జరిగేది మూడు నాలుగు రోజులు. మీ ఊళ్లో గదులు అద్దెకిచ్చేవాళ్లకు, పడవలు నడిపేవాళ్లకు, సర్ఫింగ్ నేర్పే కుర్రాళ్లకు పని కావాల్సింది మిగతా ఏడాదంతా. కాబట్టి పోటీ గురించి తీసుకునే ప్రతి నిర్ణయానికీ ‘దీనివల్ల పోటీ అయిపోయాక ఊళ్లో ఏం మిగులుతుంది?’ అని అడగండి. నేను చెప్పబోయే మిగతాదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు తేదీ సంగతి. నేను పనిచేసిన మొదటి పోటీకి ఫలానా శనివారం, ఆదివారం అని ఆరు నెలల ముందే పోస్టర్లు అచ్చేయించాం. సెలవు రోజులు కాబట్టి జనం వస్తారు, స్పాన్సర్‌కీ అదే కావాలి. తీరా శనివారం పొద్దున చూస్తే సముద్రం చెరువులా ఉంది. మోకాలెత్తు అల కూడా లేదు. షామియానా వేశాం, మైకు పెట్టాం, జడ్జీలు కుర్చీల్లో కూర్చున్నారు. నలభై మంది సర్ఫర్లు రంగు జెర్సీలు వేసుకుని ఇసుకలో కూర్చుని నీళ్లవైపు చూస్తున్నారు. మైకు పట్టుకున్నాయన మధ్యాహ్నం దాకా ‘మరికొద్ది సేపట్లో’ అంటూనే ఉన్నాడు. ఆదివారం సాయంత్రం ఎలాగో బహుమతులిచ్చి అందర్నీ పంపించాం. మంగళవారం పొద్దున మేం సామాన్లు లారీకి ఎక్కిస్తుంటే ఛాతీ ఎత్తు అలలు వరసగా వచ్చి, ఒక చివర నుంచి మరో చివరకు గీత గీసినట్టు విరుగుతున్నాయి. వాటి మీద ఉన్నది ఊరి పిల్లలు ఇద్దరే. ఆ రోజు నుంచీ పోటీకి ఒకే తేదీ ప్రకటించే పని మళ్లీ చేయలేదు.

పెద్ద పోటీలు దీనికి ఎప్పుడో దారి కనుక్కున్నాయి. దాన్ని వెయిటింగ్ పీరియడ్ అంటారు. ఒకే తేదీ కాకుండా పది పన్నెండు రోజుల గడువు ప్రకటించి, అందులో అలలు బాగున్న మూడు నాలుగు రోజులే పోటీ నడుపుతారు. రోజూ తెల్లవారుజామున సముద్రం చూసి ‘ఈ రోజు ఉంది’ లేదా ‘ఈ రోజు లేదు’ అని చెప్పేస్తారు. హవాయిలోని వైమియా బేలో సర్ఫర్ ఎడ్డీ ఐకావ్ జ్ఞాపకార్థం జరిగే పోటీకి ఈ గడువు చలికాలం నెలలంతా ఉంటుంది. అల ముఖం సుమారు 40 అడుగులు లేస్తేనే నడుపుతారు. లేవకపోతే ఆ ఏడాదికి పోటీ లేదు. 2016 ఫిబ్రవరిలో జరిగాక మళ్లీ 2023 జనవరిలోనే జరిగింది. మధ్యలో అన్నేళ్లు జరగకపోయినా దాని పేరు తగ్గలేదు సరికదా, జరిగిన రోజు చూడటానికి వేలమంది కొండ అంచుల మీద నిలబడ్డారు. సముద్రం ఒప్పుకుంటేనే పోటీ అన్న మాట మీద నిలబడటమే దాని గౌరవం.

మీది చిన్న పోటీ కాబట్టి అంత కఠినంగా ఉండక్కర్లేదు. నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది: సర్ఫర్లకు తొమ్మిది పది రోజుల గడువు ఇస్తాం. జనానికి మాత్రం ఆ గడువులో పడే ఒక వారాంతాన్ని తేదీగా చెబుతాం. అలలతో పనిలేని కార్యక్రమాలన్నీ ఆ వారాంతంలో పెడతాం. పిల్లలకు బోర్డు మీద పడుకుని తెడ్డేయడం నేర్పడం, ఊరి పడవల పందెం, లైఫ్‌గార్డుల ప్రదర్శన, తీరం వెంట పరుగు, సాయంత్రం పాటలు లాంటివన్నమాట. పోటీ ఆ వారాంతంలో పడితే అదృష్టం. మంగళవారం పడినా ఎవరికీ నష్టం లేదు. బయటినుంచి వచ్చే సర్ఫర్లు ఆ పది రోజులూ మీ ఊళ్లోనే ఉంటారు, గదులు నిండుతాయి. రెండు రోజుల పోటీకి వచ్చినవాడు రెండు రాత్రులు ఉంటాడు. గడువుకి వచ్చినవాడు వారం ఉంటాడు, ఊరు తిరుగుతాడు, మనుషుల పేర్లు తెలుసుకుంటాడు.

గడువు ఏ నెలలో పెట్టాలన్నది మీ సముద్రాన్ని అడగాలి. అలల గురించి కొంత తెలిస్తే ఇది కష్టం కాదు. తీరానికి వచ్చే అలలో ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య ఎన్ని సెకన్లన్నది అసలు సంగతి. ఆరేడు సెకన్లుంటే అది దగ్గర్లోని గాలి లేపిన గజిబిజి అల. పన్నెండు, పద్నాలుగు సెకన్లుంటే ఎక్కడో దూరంగా తుపాను గాలులు లేపగా ప్రయాణం చేసి వచ్చిన అల. రెండూ చూడ్డానికి నడుమెత్తే ఉండొచ్చు. కానీ రెండోదానిలో నీరు లోతు నుంచి కదులుతుంది, బలం చాలా ఎక్కువ, విరిగే తీరు శుభ్రంగా ఉంటుంది. అలల గుంపు లోతైన సముద్రంలో ఎంత వేగంగా వస్తుందో తెలుసుకోవడానికి సర్ఫర్లు వాడే చిన్న లెక్క ఉంది: సెకన్లను ఒకటిన్నరతో గుణిస్తే నాట్లలో (సముద్రం మీద వేగం కొలిచే ప్రమాణం) వేగం వస్తుంది. పద్నాలుగు సెకన్ల అల అంటే 21 నాట్లు, గంటకు సుమారు 39 కి.మీ., రోజుకు తొమ్మిది వందల కి.మీ. పైచిలుకు. రెండు వేల కి.మీ. దూరంలో తుపాను పుడితే దాని అల మీ దగ్గరికి రావడానికి రెండు రోజులు దాటుతుంది. అందుకే ‘ఎల్లుండి పోటీ ఉంది’ అని రెండు రోజుల ముందు ధైర్యంగా చెప్పగలుగుతాం.

గాలి సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఒడ్డు నుంచి సముద్రం వైపు మెల్లగా వీచే గాలి అల ముఖాన్ని నిలబెడుతుంది. సముద్రం నుంచి ఒడ్డుకు వీచే గాలి దాన్ని నలిపేస్తుంది. రాత్రి నేల చల్లబడుతుంది కాబట్టి చాలా తీరాల్లో తెల్లవారుజామున గాలి నేల నుంచి నీటి మీదికి వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక దిశ మారుతుంది. కాబట్టి వెలుతురు రాగానే మొదటి హీట్ (కొద్దిమంది కలిసి పోటీపడే ఒక విడత) నీళ్లలో ఉండాలి. తొమ్మిదింటికి ముఖ్య అతిథి, ఆయన ప్రసంగం, దీపం వెలిగించడం అని పెట్టుకున్నారంటే ఆ రోజు మంచి అలలన్నీ ప్రసంగానికే పోతాయి. ఆ సభ సాయంత్రానికి మార్చండి, ఎవరూ నొచ్చుకోరు. పోటు, ఆటు పట్టిక కూడా దగ్గర పెట్టుకోండి. ఇసుక మేట మీద విరిగే అల, నీరు ఒక అడుగు పెరిగినా తగ్గినా పూర్తిగా మారిపోతుంది.

మీకు ఇంకో లాభం కూడా ఉండొచ్చు. స్నానాలకు వచ్చే జనం ఇష్టపడే నెలలూ, సర్ఫర్లు ఇష్టపడే నెలలూ చాలా తీరాల్లో ఒకటి కావు. పోర్చుగల్‌లోని నజారె అనే జాలర్ల పట్టణానికి వేసవిలో జనం ఎప్పటినుంచో వస్తారు, చలికాలంలో నిర్మానుష్యంగా ఉండేది. ఆ ఊరి ముందు సముద్రం అడుగున 200 కి.మీ.కి పైగా పొడవున్న లోయ ఉంది. అది చలికాలపు అలల్ని ఒకచోట కూడగట్టి భయంకరమైన ఎత్తుకు లేపుతుంది. ఊరివాళ్లలో చాలామందికి ఆ అల ప్రమాదంగానే తెలుసు. స్థానికుల ఆహ్వానం మీద వచ్చిన అమెరికా సర్ఫర్ గారెట్ మెక్‌నమారా 2011 నవంబరులో అక్కడ 78 అడుగుల అల మీద ప్రయాణించాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత ఆ ఒడ్డున ఉన్న పాత కోట, దీపస్తంభం చూడటానికి చలికాలంలో జనం రావడం మొదలైంది. ఇప్పుడు ఆ కోటలోనే పెద్ద అలల సర్ఫర్ల బోర్డులు ప్రదర్శనకు పెట్టారు. చలికాలంలో అంత ఖాళీగా ఉండే ఊరికి, తమకు భయం తప్ప ఇంకేమీ మిగల్చని అలే ఆధారమైంది. శ్రీలంకలో తూర్పు తీరపు అరుగం బేకి ఏడాది మధ్య నెలల్లో, దక్షిణ తీరానికి నవంబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా సర్ఫర్లు వెళ్తారు. రుతుపవనాలతో పాటు మంచి అలలు ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మారతాయి. మీ ఊళ్లో గదులు ఖాళీగా ఉండే నెలలో అలలు బాగుంటే, గడువు పెట్టాల్సింది కచ్చితంగా అప్పుడే.

ఇక అందరికంటే ముందు మాట్లాడాల్సింది ఎవరితో అంటే, చేపల వేటకు వెళ్లేవాళ్లతో. పోస్టర్ అచ్చవకముందే మాట్లాడండి. అయ్యాక వెళ్తే అది అడగడం కాదు, చెప్పడం అవుతుంది. వాళ్ల పడవలు తెల్లవారుజామునే సముద్రంలోకి దిగుతాయి, మీ మొదటి హీట్ కూడా అప్పుడే. వాళ్లు వలలు ఆరేసుకునే ఇసుక మీదే మీరు షామియానా వేద్దామనుకుంటారు. ఈ రెండూ ముందే తేల్చుకోకపోతే మొదటి రోజే గొడవ. నేను చూసిన ఒక తీరంలో పెద్దమనుషుల్ని ఇసుక మీదికి తీసుకెళ్లి, కర్రతో గీత గీయించాం. ‘ఈ గీతకు ఇవతల మీ దారి, పడవ ఎప్పుడు వచ్చినా పోటీ ఆపుతాం’ అన్నాం. పోటీ రెండో రోజు ఒక పడవ చేపలతో వచ్చింది. హారన్ కొట్టి హీట్ ఆపాం, సర్ఫర్లు పక్కకు జరిగారు, పడవ ఒడ్డెక్కింది. అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల తర్వాత ఆ ఊళ్లో మమ్మల్ని ఎవరూ పరాయివాళ్లుగా చూడలేదు.

పైగా మీకు కావాల్సిన తెలివంతా వాళ్ల దగ్గరుంది. ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో, ఇసుక మేట ఎప్పుడు జరుగుతుందో వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. రక్షణ పడవలు నడిపే పని వాళ్లకే ఇవ్వండి, దానికి తగ్గ కూలీ ఇవ్వండి. చెన్నై దగ్గరి కోవళంలో మత్స్యకార కుటుంబాల కుర్రాళ్లే సర్ఫింగ్ నేర్చుకుని, తర్వాత బయటివాళ్లకు నేర్పేవాళ్లయ్యారు. సముద్రం ఎరిగిన పిల్లలకు బోర్డు మీద నిలబడటం త్వరగా వస్తుంది, భయపడ్డవాణ్ని నీళ్లలో నిబ్బరంగా ఉంచడం ఇంకా బాగా వస్తుంది. మీ పోటీ ఖర్చులో కొంత భాగం ఊరి అమ్మాయిలకూ అబ్బాయిలకూ శిక్షకుల కోర్సు, ప్రథమ చికిత్స, ప్రాణరక్షణ శిక్షణ ఇప్పించడానికి పక్కన పెట్టండి. పోటీ అయ్యాక ఊళ్లో మిగిలేది ఏమిటని మొదట అడిగాను కదా, నా దృష్టిలో మొదటి జవాబు ఇదే.

రక్షణ గురించి రాజీ లేకుండా చెబుతాను. పోటీదారులకు పెద్దగా ప్రమాదం ఉండదు, వాళ్లకు ఈత వచ్చు, కాలిని బోర్డుకు కట్టే తాడు (లీష్) ఉంటుంది. ప్రమాదమంతా వాళ్లను చూసి ఉత్సాహపడి నీళ్లలోకి దిగే జనానికి. ఒడ్డున నిలబడి చూడండి: అలలు తెల్లగా విరుగుతున్న రెండు చోట్ల మధ్య, విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపించే పాయ ఉంటుంది. తెలియనివాడికి అదే భద్రమైన చోటులా కనిపిస్తుంది. పిల్లల్ని అక్కడే దింపుతారు. నిజానికి ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కినవాడు ఒడ్డువైపే ఎదురీది అలిసిపోయి మునుగుతాడు. తేలుతూ, చెయ్యి పైకెత్తి సాయం అడగాలి. ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చి అక్కణ్నుంచి ఒడ్డు చేరాలి. ఈ నాలుగు మాటలు మైకులో గంటకోసారి చెప్పించండి, బొమ్మతో బోర్డు పెట్టించండి. అది పోటీ అయ్యాక కూడా అక్కడే ఉండాలి. ఎరుపు, పసుపు జెండాల మధ్యే స్నానాలు, నలుపు తెలుపు గడుల జెండాల మధ్య సర్ఫింగ్ అన్న అంతర్జాతీయ పద్ధతిని మొదటి రోజు నుంచీ పాటించండి.

లైఫ్‌గార్డులు లేకపోతే పోటీ వాయిదా వేయండి. పైన చెప్పిన వైమియా పోటీలో 2023లో గెలిచిన లూక్ షెపర్డ్‌సన్, ఆ రోజు అదే తీరంలో డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు. విరామం తీసుకుని పోటీలో దిగి, మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. ఎవరి పేరున ఆ పోటీ జరుగుతుందో ఆ ఎడ్డీ ఐకావ్ కూడా అక్కడ లైఫ్‌గార్డే. సర్ఫింగ్‌కీ ప్రాణరక్షణకూ అంత దగ్గరి చుట్టరికం. మీ ఊరి పేరు బయటికి వెళ్లాలంటే ముందుగా ‘అక్కడ నీళ్లలో మనల్ని చూసుకునేవాళ్లున్నారు’ అన్న మాట వెళ్లాలి. పిల్లలతో వచ్చే కుటుంబాలకు దానికి మించిన ప్రకటన లేదు.

పోటీ నడిపే పద్ధతి గురించి కొంచెం చెప్పి వదిలేస్తాను, మీ దేశపు సర్ఫింగ్ సమాఖ్యను అడిగితే జడ్జీలనూ నియమాలనూ వాళ్లే ఇస్తారు. మామూలుగా ఒక హీట్‌లో నలుగురు, ఇరవై నిమిషాలు. ప్రతి అలకూ పదికి మార్కులు. అయిదుగురు జడ్జీలుంటే ఎక్కువదీ తక్కువదీ తీసేసి మిగతా మూడింటి సగటు. ఎన్ని అలలు పట్టినా మంచివి రెండే లెక్కలోకి, అంటే మొత్తం ఇరవైకి. చూసేవాళ్లకు ఇదేదీ తెలియదు. దూరంగా నలుగురు నీళ్లలో కూర్చున్నారు, ఎవరో లేచారు, పడ్డారు, అంతే. మైకు దగ్గర కూర్చునేవాడికి సర్ఫింగ్ తెలియాలి, ఊరి భాషలో మాట్లాడటం రావాలి. ‘ఎర్ర జెర్సీకి ఇంకో ఆరు మార్కుల అల కావాలి, మూడు నిమిషాలే ఉంది, అదిగో వెనక అల లేస్తోంది’ అని చెబితే ఒడ్డంతా లేచి నిలబడుతుంది. మీ బడ్జెట్లో మంచి మైకు మనిషికి పెట్టే ఖర్చు ఎప్పుడూ వృథా కాదు. ఊరి పిల్లలకు ప్రత్యేక విభాగం, ఆడపిల్లలకు మగపిల్లలతో సమానమైన బహుమతి తప్పనిసరిగా పెట్టండి. తమ పిల్ల నీళ్లలో ఉంటే ఊరంతా ఒడ్డుకు వస్తుంది.

ఇప్పుడు మీరు ఎక్కువగా అడిగిన ప్రచారం. ఇక్కడ నా అభిప్రాయం కాస్త భిన్నంగా ఉంటుంది. ప్రపంచంలోనే గొప్ప అల, స్వర్గం లాంటి తీరం అని రాయకండి. సర్ఫర్లు ఆ మాటలు నమ్మరు, నమ్మి వచ్చిన కుటుంబాలు నిరాశపడతాయి. నిజం రాయండి. ‘ఇక్కడ అల నడుమెత్తు, మెత్తటి ఇసుక మీద విరుగుతుంది, నేర్చుకునేవాళ్లకు మంచిది, ఫలానా నెలల్లో బాగుంటుంది, ఫలానా నెలల్లో రావద్దు’ అని రాయండి. ‘రావద్దు’ అన్న ఆ ఒక్క మాట మిగతావన్నీ నమ్మేలా చేస్తుంది. పెద్ద అలలు లేవని చిన్నబుచ్చుకోకండి. సర్ఫింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు పెద్ద అలల మీద ఆడగలిగేవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది, వాళ్లకు కావాల్సింది మెత్తటి అల, ఓపికగా నేర్పే మనిషి.

రోజూ ఒకే సమయానికి, ఒకే చోట నిలబడి, అర నిమిషం వీడియో తీసి పెట్టండి. అందంగా ఉండక్కర్లేదు. అలలు లేని రోజు కూడా పెట్టండి. ఏడాది తిరిగేసరికి మీ తీరం గురించి అంతకంటే నమ్మకమైన సమాచారం ఎవరి దగ్గరా ఉండదు, రావాలనుకునే సర్ఫర్ ముందు దాన్నే చూస్తాడు. దాంతోపాటు ఎలా చేరుకోవాలి, రాత్రి ఎక్కడ ఉండాలి, బోర్డు ఎవరిస్తారు, ఎవరు నేర్పుతారు, ఆసుపత్రి ఎంత దూరం అన్న వివరాలు ఒకే పేజీలో ఉంచి, ఫోన్ ఎత్తే బాధ్యత ఒకరికి అప్పగించండి. పోటీకి పదిమంది విలేకర్లను ఒక రోజుకు పిలిచే బదులు, ఒక మంచి ఫొటోగ్రాఫర్‌ని గడువంతా ఉంచుకుని గది, భోజనం ఇవ్వండి. అతను తీసిన ఫొటోలు మీకు అయిదేళ్లు పనికొస్తాయి.

ఒక సున్నితమైన సంగతి. మీ తీరంలో ఒకటికంటే ఎక్కువ చోట్ల అలలు విరుగుతుంటే, అన్నిటి గురించీ ప్రచారం చేయకండి. ఊరి సర్ఫర్లతో కూర్చుని, బయటివాళ్లకు చూపించేది ఏదో, తమకోసం ఉంచుకునేది ఏదో వాళ్లనే తేల్చనివ్వండి. గుంపు పెరిగితే తమ అల తమకు దక్కదన్న భయం వాళ్లకు ఉంటుంది, అది అన్యాయమైన భయం కాదు. చూపించే చోట నీళ్లలో మర్యాద గురించి బోర్డు పెట్టండి: అల విరగడం మొదలైన చోటికి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్లది, దాని మీద ఒకరుండగా ఇంకొకరు దిగకూడదు, తమ సర్ఫ్‌బోర్డును నీళ్లలో వదిలేయకూడదు. ఊరివాళ్లకూ వచ్చినవాళ్లకూ నీళ్లలో జరిగే తగాదాలు ఎక్కువగా ఇది తెలియకే.

స్పాన్సర్లకు బ్యానర్ మీద చోటు అమ్మడం తేలిక, కానీ బ్యానర్ నాలుగు రోజులే. ఏడాదంతా కనిపించేది అడగండి: లైఫ్‌గార్డు కూర్చునే మంచె, నేర్చుకునేవాళ్లకు మెత్తటి బోర్డులు, మంచినీళ్లు, మరుగుదొడ్లు. దాని మీద వాళ్ల పేరు ఏడాదంతా ఉంటుందని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. మద్యం కంపెనీ డబ్బు ఎంత వచ్చినా వద్దనండి. 2013లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో పెద్ద సర్ఫింగ్ పోటీ చివరి రోజున గుంపు వీధుల్లో పడి దుకాణాల అద్దాలు పగలగొట్టింది. నీళ్లలో ఆట సజావుగానే జరిగింది. మరుసటి రోజు వార్తల్లో మాత్రం ఆట లేదు. రాత్రి దీపాలు, పాటల సంగతి కూడా ఆలోచించండి. మీ తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయా అని ముందే అటవీశాఖ వాళ్లను అడగండి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. చీకట్లో వాటికి సముద్రమే వెలుతురు. మీ ఫ్లడ్‌లైట్లు వెలిగితే అవి ఊరివైపు వస్తాయి.

కట్టడాలు వీలైనంత తక్కువ పెట్టుకోండి. 2024 ఒలింపిక్స్ సర్ఫింగ్ పోటీ పారిస్‌కు దాదాపు 15,700 కి.మీ. దూరంలో తాహితి దీవిలోని తెహుపో అనే చిన్న ఊళ్లో జరిగింది. క్రీడాకారుల్లో చాలామందిని ఉంచడానికి అక్కడ కొత్త భవనాలు కట్టలేదు, ఒక ఓడలో ఉంచారు. అది మంచి నిర్ణయం. కానీ జడ్జీలకోసం పగడపు దిబ్బ మీద కొత్త టవర్ కట్టబోయి, 2023 డిసెంబరులో బార్జ్ (సామాన్లు మోసే చదును పడవ) తగిలి పగడాలు విరిగాయి. ఊరివాళ్లు అంతకుముందు నుంచే వద్దని నిరసన చేస్తున్నారు. ఆ నిరసన వల్ల టవర్‌ను అప్పటికే చిన్నదిగా, తేలికగా మార్చాల్సి వచ్చింది. ఊరివాళ్లను మొదట్లోనే అడిగుంటే ఆ టెన్షన్ ఎవరికీ ఉండేది కాదు. మీ జడ్జీలకు వెదురు మంచె చాలు, పోటీ అయ్యాక విప్పి దాచుకోవచ్చు.

అల ఎప్పటికీ అక్కడే ఉంటుందని కూడా అనుకోకండి. స్పెయిన్‌లోని ముండాకలో నది ముఖద్వారం దగ్గరి ఇసుక మేట మీద విరిగే అల ప్రపంచ ప్రసిద్ధం. 2003లో ఆ నదిలో ఇసుక తవ్వారు. మేట చెదిరి అల పాడైపోయింది, 2005లో అక్కడి అంతర్జాతీయ పోటీ రద్దయింది. తర్వాత ఇసుక మళ్లీ పేరుకుని అల తిరిగొచ్చింది కానీ, అంతదాకా ఆ ఊరి గదులు ఖాళీ. పెరూ 2000లోనే సర్ఫింగ్ అలల్ని కాపాడటానికి చట్టం చేసింది. మీ ఊళ్లో ఎవరైనా రాళ్ల గోడ కడతామన్నా, ఇసుక తవ్వుతామన్నా, అల ఏమవుతుందని అడిగే హక్కు మీకు ఉండాలంటే దానివల్ల ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో చూపించే లెక్కలు మీ దగ్గర ఉండాలి. అందుకే మొదటి ఏడాది నుంచీ లెక్క రాయండి. ఒడ్డున ఎంతమంది జనం నిలబడ్డారన్నది పనికిరాని లెక్క. పోటీ అయిన తర్వాతి ఆరు నెలల్లో ఎన్ని గదులు ఎన్ని రాత్రులు నిండాయి, ఎంతమంది నేర్చుకోవడానికి వచ్చారు, వాళ్లలో రెండోసారి వచ్చినవాళ్లెందరు? ఇవి గది ఇచ్చేవాళ్లనూ, శిక్షకులనూ నెలకోసారి అడిగి రాసుకుంటే చాలు.

మీరు వచ్చే ఏడాదే పోటీ అనుకుంటున్నారు. నా సలహా ఒక ఏడాది ఆగమనే. ఈలోగా నలుగురు పిల్లల్ని శిక్షణకు పంపండి, మత్స్యకారులతో కూర్చోండి, ఊరి పిల్లల మధ్యే ఒక చిన్న పోటీ పెట్టి చూడండి. రేపు పొద్దున్నే ఒక నోట్‌బుక్ తీసుకుని ఒడ్డుకు వెళ్లండి. తేదీ, సమయం, అల ఎత్తు మోకాలా నడుమా ఛాతీయా, రెండు శిఖరాల మధ్య ఎన్ని సెకన్లు, గాలి ఎటునుంచి, పోటా ఆటా, మేట ఏ చెట్టుకు ఎదురుగా ఉంది, నీళ్లలో ఎంతమంది ఉన్నారు. సాయంత్రం మళ్లీ రాయండి. మీరు వెళ్లలేని రోజు ఇంకొకరు రాయాలి, ఒక్క రోజూ ఖాళీ ఉండకూడదు. పన్నెండు నెలలు నిండాక ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి. గడువు ఏ పది రోజులకు పెట్టాలో మనం కలిసి చూద్దాం.